పీహెచ్‌డీ కోసం స్థలం అమ్మాలా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమాస్తాగా చేస్తున్నాను. వయసు 54, జీతం 28 వేలు, పింఛను లేదు. మా అమ్మాయి బీటెక్ మెకానికల్ చివరి ఏడాది. హైదరాబాద్‌లో నెలకు 45 వేల ఉద్యోగం వచ్చింది. తనేమో రోబోటిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తానంటోంది. బ్యాంకులో 9 లక్షల డిపాజిట్, పేరేచర్లలో ఇంటి స్థలం ఉన్నాయి. స్థలం అమ్మి అమెరికా పంపమంటాడు మా బావమరిది. ఏం చేయమంటారు?

జవాబు: స్థలం అమ్మకండి సార్. అమ్మాయినీ ఆపకండి.

మీ బావమరిది గారు వేసింది ఎంఎస్ లెక్క. దానికి ఫీజు మనమే కట్టాలి. పీహెచ్‌డీ అలా కాదు, చేరినవాళ్లకే నెలనెలా డబ్బిస్తారు. ఐఐటీ, ఎన్‌ఐటీల్లో కేంద్ర ఫెలోషిప్ 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు 37 వేలు, తర్వాత మూడేళ్లు 42 వేలు. మొత్తం ఐదేళ్లకు 24 లక్షలు. ఫీజు, హాస్టల్, మెస్ అందులోంచే కట్టుకోవాలి, అయినా మీ ఇంటి నుంచి పంపే అవసరం దాదాపు ఉండదు. మంచి మార్కులుంటే బీటెక్ తర్వాత నేరుగా చేర్చుకునే దారి ఐఐటీల్లో ఉంది.

ఉద్యోగంలో అయితే జీతం పెరిగేది, పీఎఫ్ పడేది. ఆ తేడా చిన్నది కాదు. కానీ అది అమ్మాయి తెలిసి వదులుకుంటున్న డబ్బు, మీ డిపాజిట్ విరిచి పూడ్చాల్సింది కాదు.

నాకు భయమల్లా ఆరో ఏడాది గురించే. ఫెలోషిప్ ఐదేళ్లకు ఆగుతుంది. రోబోటిక్స్‌లో పని కాగితం మీద అయిపోదు. మోటారు కాలిపోతుంది, సెన్సర్ రావడానికి నెలలు పడుతుంది, ప్రయోగం మళ్లీ మొదటికొస్తుంది. థీసిస్ ఆలస్యమైతే చేతిలో రూపాయి ఉండదు. అందుకే ముందు ఒక ఏడాది ఉద్యోగం చేయమంటాను. పీహెచ్‌డీ ప్రవేశానికి పనికొచ్చే గేట్ పరీక్ష స్కోరు మూడేళ్లు చెల్లుతుంది, కాబట్టి ఏడాది ఆగినా నష్టం లేదు. నెలకు 20 వేలు పక్కన పెడితే 2.4 లక్షలవుతాయి. దాన్ని ముట్టుకోకుండా ఆరో ఏడాదికి ఉంచుకోవాలి. ఫెలోషిప్ ఒక్కోసారి ఆలస్యంగా పడుతుంది, దానికి మూడు నెలల ఖర్చు విడిగా ఉండాలి.

చేరేముందు అమ్మాయి ఆ ల్యాబ్ సీనియర్లను రెండు మాటలు అడగాలి: ఎన్నేళ్లకు బయటపడుతున్నారు, పరికరాలకు ప్రాజెక్టు డబ్బు ఉందా? సంస్థ పేరు కంటే నేను వీటికే ఎక్కువ విలువిస్తాను. దగ్గర్లోనే హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో రోబోటిక్స్ పరిశోధన కేంద్రం ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లోని తిహాన్‌లో డ్రైవర్ లేని వాహనాలపై పని జరుగుతోంది. తర్వాత అధ్యాపక ఉద్యోగం, బెంగళూరులో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో వారి కృత్రిమ మేధ, రోబోటిక్స్ కేంద్రం కెయిర్, కంపెనీల పరిశోధన విభాగాలు ఉన్నాయి.

అమెరికా కోరిక తప్పేం కాదు. అక్కడి కార్నెగీ మెలన్ యూనివర్సిటీ రోబోటిక్స్ సంస్థకు 1979లో తొలి డైరెక్టర్ మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారే. అయితే అక్కడ కూడా నేరుగా పీహెచ్‌డీకే దరఖాస్తు చేయమనండి. ఇంజినీరింగ్‌లో సాధారణంగా ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ ఇస్తారు. ఆ హామీ లేని సీటైతే వద్దు.

ఇక మీ 9 లక్షలు మీ ముసలితనానివి. అందులోంచి ఇప్పుడు తీయాల్సింది ఒక్కటే, మీ దంపతులిద్దరికీ ఆరోగ్య బీమా ప్రీమియం. ఆ పని ఈ నెలలోనే చేయండి.