టెక్ సందేహాలు: 2.27 దగ్గర మొరాయించే ఐసింగ్ ప్రోగ్రామ్

ప్రశ్న: ఒక్కో గడిలో పైకో కిందికో చూపే ‘స్పిన్’ అనే చిట్టి అయస్కాంతం ఉండే 256×256 గడుల ఐసింగ్ నమూనాను పైథాన్‌లో మెట్రోపోలిస్ పద్ధతిలో నడుపుతున్నాను. ఉష్ణోగ్రత 2.27 దగ్గరకు రాగానే సగటు అయస్కాంతత్వం ఎన్ని గంటలైనా నిలకడకు రావడం లేదు. ఒకే దిశలో ఉన్న పొరుగు స్పిన్‌లన్నిటినీ గుంపుగా తిప్పితే ఫలితాలే తప్పుతున్నాయి. గ్రాఫిక్స్ కార్డు కొంటే ఫలితం ఉంటుందా?

జవాబు: కార్డు ఆలోచనను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ప్రోగ్రామ్ మొరాయిస్తున్న చోటే ఈ నమూనా సందిగ్ధ ఉష్ణోగ్రత, అంటే అయస్కాంతత్వం మాయమయ్యే హద్దు, ఉంది. పొరుగు స్పిన్‌ల మధ్య సంకర్షణ బలాన్ని 1గా తీసుకుంటే చదరపు జాలకం (గడుల అమరిక)పై అది సుమారు 2.269 అని లార్స్ ఆన్సాగర్ 1944లో ప్రచురించిన కచ్చితమైన పరిష్కారం తెలియజేస్తుంది. అక్కడ ఒకదానితో ఒకటి ముడిపడిన స్పిన్‌ల గుంపులు జాలకమంతటి పరిమాణానికి పెరుగుతాయి. ఒక్కొక్క స్పిన్‌నే తిప్పే మెట్రోపోలిస్ పద్ధతి అంతటి గుంపును అంచుల నుంచి కొరుక్కుంటూ రావలసిందే. జాలకం పొడవును రెట్టింపు చేస్తే, నిలకడకు కావలసిన ఆవృత్తులు (ఒక్కో ఆవృత్తిలో ప్రతి స్పిన్‌కూ సగటున ఒక అవకాశం) సుమారు నాలుగున్నర రెట్లు, ఒక్కో ఆవృత్తిలోని పని నాలుగు రెట్లు పెరిగి, మొత్తం భారం 18 రెట్లవుతుంది. పదింతల వేగమున్న కార్డు లాభం ఆ ఒక్క రెట్టింపుతోనే హరించుకుపోతుంది.

గుంపును తిప్పాలన్న మీ ఆలోచన మంచిదే కానీ, అందులో ఒక మెట్టు తప్పింది. ఉష్ణోగ్రత అనంతమైనా పొరుగు జంటల్లో సగం కేవలం యాదృచ్ఛికంగా ఒకే దిశలో ఉంటాయి. ఆ కాకతాళీయాన్ని బంధంగా లెక్కించడమే మీ పొరపాటు. ఉల్లి వోల్ఫ్ 1989లో ప్రతిపాదించిన పద్ధతిలో ఏదో ఒక స్పిన్‌తో మొదలుపెట్టి, అదే దిశలో ఉన్న ప్రతి పొరుగు స్పిన్‌ను 1−ఇ^(−2/ఉ) సంభావ్యతతో మాత్రమే గుంపులో చేర్చుకుంటూ పోయి, చివరకు గుంపంతటినీ తిప్పుతారు. ఇక్కడ ఇ సహజ సంవర్గమానపు ఆధారం, ఉ ఉష్ణోగ్రత. సందిగ్ధ ఉష్ణోగ్రత వద్ద ఈ సంభావ్యత సరిగ్గా 2−√2, అంటే సుమారు 0.586. ఇలా ఏర్పడే గుంపులు జాలకం ఈ కొస నుంచి ఆ కొసకు వ్యాపించడం, అంటే పెర్కొలేషన్, అయస్కాంత ప్రావస్థ మార్పు జరిగే ఉష్ణోగ్రత వద్దే మొదలవుతుంది. నన్ను అడిగితే ఈ విషయమంతటిలో అందమైన అంశం ఇదే. మీ పాత గుంపులకు ఈ గుణం రెండు పరిమాణాల (2డి) జాలకంలో ఉన్నట్లు కనిపించినా మూడు పరిమాణాల (3డి) జాలకంలో నిలవదు. అక్కడ మైనారిటీ స్పిన్‌ల గుంపులు సందిగ్ధ ఉష్ణోగ్రతకు దిగువనే వ్యాపించిపోతాయి.

కోడ్ రాసేటప్పుడు గుంపును రికర్షన్‌తో, అంటే ఫంక్షన్ తనను తానే పిలుచుకునే పద్ధతిలో, పెంచకండి. పైథాన్ సాధారణ పరిమితి 1000 పిలుపులే కనుక, ఒక లిస్ట్‌ను స్టాక్‌గా వాడుకోండి. లూప్‌లను నంబా అనే పైథాన్ కంపైలర్‌తో కంపైల్ చేస్తే వేగం గణనీయంగా పెరుగుతుంది. యాదృచ్ఛిక సంఖ్యల జనరేటర్‌ను కూడా అనుమానించాలి: మంచిదని పేరున్న ఒక జనరేటర్ ఇదే వోల్ఫ్ పద్ధతిలో తప్పుడు ఫలితాలిచ్చిందని ఫెరెన్‌బర్గ్, లాండౌ, వాంగ్ 1992లో చూపారు. అందుకే ముందుగా 4×4 జాలకంతో పరీక్షించండి. దానికున్న 65,536 స్థితులనూ నేరుగా లెక్కగట్టి, వచ్చిన సగటు శక్తిని మీ ప్రోగ్రామ్ ఇచ్చిన విలువతో పోల్చి చూడవచ్చు.