హేగ్ చూడటానికి అమ్మాయి చదువు ఎఫ్‌డీ బ్రేక్ చేయాలా?

ప్రశ్న: మాది కరీంనగర్. నేను, మావారు ఇద్దరం టీచర్లం. మా అమ్మాయి హైదరాబాద్‌లో ఐదేళ్ల లా కోర్సు మూడో సంవత్సరంలో ఉంది. తర్వాత నెదర్లాండ్స్‌లో అంతర్జాతీయ న్యాయశాస్త్రంలో ఎల్‌ఎల్‌ఎం చేస్తానంటోంది. దానికి ముందు ఒకసారి ది హేగ్ వెళ్లి అక్కడి కోర్టులు చూడాలని దాని కోరిక. పది రోజుల్లో ఏడు దేశాలు చూపించే ప్యాకేజీకి ట్రావెల్ ఏజెంట్ మనిషికి 3 లక్షలు అడుగుతున్నాడు. చదువు కోసం దాచిన 8 లక్షల ఎఫ్‌డీ ఉంది. అత్యవసర నిధి కాకుండా మరో లక్షన్నర ఉంది. ఇంటి లోన్ ఈఎంఐ, ఖర్చులు పోను నెలకు 35 వేలు మిగులుతాయి. ఎఫ్‌డీ బ్రేక్ చేయాలా, పర్సనల్ లోన్ తీసుకోవాలా? అమ్మాయి పాస్‌పోర్ట్ గడువు వచ్చే ఏడాదితో అయిపోతుంది.

జవాబు: అమ్మా, రెండూ వద్దు. అలాగని ప్రయాణం మానుకోమని చెప్పను. మీ అమ్మాయి అడిగింది షికారు కాదు. తాను పని చేయాలనుకుంటున్న చోటును ఒకసారి కళ్లారా చూసుకోవాలనుకుంటోంది. దానికి డబ్బు పెట్టడం సబబే. ఏ డబ్బు పెట్టాలన్నదే ప్రశ్న.

ముందు ఎఫ్‌డీ సంగతి. అక్కడ ఎల్‌ఎల్‌ఎంకు మన పిల్లలకు ఫీజే 20 వేల యూరోలకు పైన అవుతుంది. ఏడాది ఉండటానికి, తిండికి ఇంకో 12-14 వేలు వేసుకోండి. యూరోను 105 రూపాయలుగా పట్టుకుంటే మొత్తం 35 లక్షలు దాటుతుంది. విదేశీ చదువుకు బ్యాంకు లోన్ ఇచ్చినా సాధారణంగా ఖర్చులో 15 శాతం (మార్జిన్) మీరే పెట్టుకోవాలి. అంటే అయిదు లక్షల పైమాటే. ఆ ఎనిమిది లక్షలు అప్పటికి చెక్కుచెదరకుండా ఉండాలి.

పర్సనల్ లోన్ ఇంకో రకంగా దెబ్బ తీస్తుంది. ముగ్గురి ప్యాకేజీకి 9 లక్షలు 13 శాతానికి మూడేళ్లకు తీసుకుంటే ఈఎంఐ 30 వేలు దాటుతుంది, వడ్డీయే దాదాపు 1.9 లక్షలు. రేపు ఎడ్యుకేషన్ లోన్‌కు సహ రుణగ్రహీతలుగా సంతకం పెట్టేది మీరే. ఇంటి ఈఎంఐ పక్కన ఇది కూడా కనిపిస్తే బ్యాంకు మీ స్తోమతను తగ్గించి చూస్తుంది. టూర్ కోసం చేసిన అప్పు చదువుకు అడ్డం పడకూడదు కదా.

ఇక ఆ ప్యాకేజీ. ఏడు దేశాల బస్సులో హేగ్‌కు దక్కేది గంటో రెండు గంటలో. శాంతి సౌధం (పీస్ ప్యాలెస్) గేటు ముందు ఫొటో దిగి బస్సెక్కాలి. మీ అమ్మాయి చూడాల్సింది గేటు లోపల ఉంది. ఆండ్రూ కార్నెగీ ఇచ్చిన 15 లక్షల డాలర్లతో కట్టి 1913లో తెరిచిన ఆ భవనంలోనే దేశాల మధ్య వివాదాలు విచారించే అంతర్జాతీయ న్యాయస్థానం కూర్చుంటుంది. పాకిస్థాన్ మరణశిక్ష వేసిన కుల్‌భూషణ్ జాదవ్ కేసులో 2019 జులై 17న తీర్పు చదివింది అక్కడే. లోపలి అలంకరణలో చాలా భాగం దేశాలు ఇచ్చిన కానుకలే. రష్యా పంపిన జాస్పర్ రాతి కూజా ఒక్కటే మూడు టన్నుల పైన బరువు. గైడ్‌తో లోపలికి తీసుకెళ్లే టూర్లు కొన్ని వారాంతాల్లోనే ఉంటాయి, ముందే బుక్ చేసుకోవాలి. విచారణలు మాత్రం వారం మధ్యలో జరుగుతాయి. వాటికి టికెట్ లేదు. సీట్లు కొన్నే కాబట్టి ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. తేదీలను కోర్టు తన వెబ్‌సైట్‌లో ప్రకటిస్తుంది. విచారణే లేని వారాలూ ఉంటాయి, అందుకే తేదీలు చూశాకే హోటల్ బుక్ చేయండి. ఊరి అంచున, సముద్రం వైపు, యుద్ధ నేరాల వంటి వాటిపై వ్యక్తులను విచారించే అంతర్జాతీయ క్రిమినల్ కోర్టులోనూ గ్యాలరీలో కూర్చుని విచారణ వినొచ్చు, అదీ ఉచితమే. రెండు చోట్లా పాస్‌పోర్ట్ చేతిలో ఉండాలి.

కాబట్టి ఇక్కడ టికెట్లకు పెద్దగా డబ్బు అక్కర్లేదు, రోజులు కావాలి. గురువారం దిగి మరుసటి గురువారం బయలుదేరితే వారాంతపు టూరూ, వారం మధ్య విచారణా రెండూ కుదురుతాయి. ఒక పూట రైల్లో పావుగంట దూరంలో ఉన్న లైడెన్ యూనివర్సిటీకి వెళ్లి లా విభాగం చూసి రండి.

ముగ్గురికి ఏడు రాత్రులకు నా అంచనా ఇది. విమానం 2.1 లక్షలు, వంటగది ఉన్న చిన్న అపార్ట్‌మెంట్ 1.1 లక్షలు, తిండి, ట్రామ్‌లు 66 వేలు, వీసా, ఇన్సూరెన్స్ 40 వేలు, మ్యూజియంలు 16 వేలు. యూరో పెరిగితే తట్టుకోవడానికి పది శాతం కలిపితే దాదాపు 5 లక్షలు. డచ్ విమానసంస్థ కేఎల్‌ఎం 2025 సెప్టెంబరులో హైదరాబాద్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు నేరుగా విమానం మొదలుపెట్టింది. దాని ధరనూ, ఒకచోట ఆగి వెళ్లే విమానాల ధరనూ పోల్చి చూడండి. తిండికి భయపడకండి. ఒకప్పటి డచ్ వలస సురినామ్ నుంచి వచ్చి స్థిరపడ్డ భారత సంతతి వాళ్లు ఆ ఊళ్లో చాలామంది. వాళ్ల హోటళ్లలో రోటీ, కూర తక్కువ ధరకే దొరుకుతాయి. మ్యూజియంల్లో మౌరిట్స్‌హౌస్ మాత్రం వదలొద్దు, డచ్ చిత్రకారుడు వెర్మీర్ గీసిన ముత్యపు పోగు అమ్మాయి బొమ్మ ఉన్నది అక్కడే. పక్కనే ఉన్న పార్లమెంటు భవనాలు 2021 నుంచి మరమ్మతుల్లో ఉన్నాయి, వాటి కోసం ఎవరైనా టూర్ అమ్మితే కొనకండి.

మీ దగ్గర లక్షన్నర ఉంది. ఇంకా కావాల్సింది మూడున్నర లక్షలు. నెలకు 25 వేల చొప్పున 14 నెలల రికరింగ్ డిపాజిట్ వేయండి, సరిపోతుంది. మిగిలే 35 వేలలో పదివేలు ఇంట్లోనే ఉంటాయి. ఇంత తక్కువ కాలానికి షేర్ల జోలికి, ఈక్విటీ ఫండ్ల జోలికి వెళ్లకండి. అప్పటికి అమ్మాయి నాలుగో సంవత్సరంలో ఉంటుంది, ఎల్‌ఎల్‌ఎం దరఖాస్తులకు ఇంకా సమయం ఉంటుంది. ఈలోపు హేగ్ అంతర్జాతీయ న్యాయ అకాడమీ వేసవి కోర్సుల స్కాలర్‌షిప్ నిబంధనలు తనను చదవమనండి. అది వస్తే తాను చదువుకోవడానికే వెళ్తుంది, మీ ఇద్దరి ప్రయాణం గురించి అప్పుడు ఆలోచించుకోవచ్చు.

అక్కడ కార్డు గీకేటప్పుడు రూపాయల్లోనా, యూరోల్లోనా అని మెషీన్ అడుగుతుంది. యూరోలే నొక్కండి, రూపాయలంటే మారకం రేటు మీద అదనంగా లాగుతారు. విదేశీ ఖర్చు మీద మీ క్రెడిట్ కార్డు వేసే అదనపు చార్జీ (మార్కప్) 3 శాతం పైన ఉంటే, ముందే యూరోలు నింపుకునే ఫారెక్స్ కార్డు తీసుకోవడం నయం.

వీసాకు పెద్దలకు 90 యూరోలు, ఆ పైన సర్వీసు చార్జీలు. 30 వేల యూరోల మెడికల్ కవర్ తప్పనిసరి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు. తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు పాస్‌పోర్ట్ చెల్లాలి, కాబట్టి అమ్మాయి పాస్‌పోర్ట్ రెన్యువల్ ఈ సెలవుల్లోనే పెట్టించండి.