గెలిచిన కంపెనీయే రేసులు వదిలేసింది, మావాణ్ణి ఆ చదువుకి పంపమంటారా?

పాలకొల్లు దగ్గర ఒక ఊరి నుంచి రొయ్యల చెరువున్న ఒక తండ్రి పెద్ద మెసేజ్ పెట్టారు. అందులో సంగతి ఇది. అబ్బాయి భీమవరంలో బీటెక్ మెకానికల్ మూడో ఏడు. ఇంట్లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న షెవ్రోలె క్రూజ్ ఉంది, ఆ కారు పిచ్చిలోంచే టూరింగ్ కార్ల (రోడ్డు మీద తిరిగే మామూలు కార్లనే రేసుకి మార్చినవి) రేసుల పిచ్చి పట్టింది. బీటెక్ అవ్వగానే యూకే వెళ్లి మోటార్‌స్పోర్ట్ ఇంజినీరింగ్‌లో ఎంఎస్ చేస్తానంటున్నాడు. ఈయన నెట్‌లో వెతికితే ఆ షెవ్రోలె 2012తోనే ప్రపంచ టూరింగ్ కార్ల పోటీల నుంచి తప్పుకుందని కనబడింది. "అంత గెలిచిన కంపెనీయే వదిలేసి పోతే ఇక ఆ ఫీల్డులో ఏముంటుందండీ? రెండెకరాలు తాకట్టు పెట్టాలి. పంపమంటారా, డేటా సైన్స్‌కి మార్పించమంటారా? రెండూ పోల్చి చెప్పండి" అని అడిగారు.

పోలుస్తానండి. ముందు ఆ కంపెనీ సంగతి చూద్దాం, మీ టెన్షన్ మొదలైంది అక్కడే కాబట్టి.

మీరు చదివింది నిజమే. 2010, 2011, 2012 మూడేళ్లూ డ్రైవర్ టైటిలూ కంపెనీ టైటిలూ రెండూ షెవ్రోలెకే వచ్చాయి, మొదటి రెండేళ్లు ఈవాన్ ముల్లర్, మూడో ఏడు రాబ్ హఫ్. ఆ మూడో ఏడు జూలైలో, సీజన్ ఇంకా నడుస్తుండగానే, ఈ ఏడాదితో సరి అని చెప్పేశారు. ఓడిపోయి వెళ్లలేదు, గమనించండి. తర్వాత సిత్రోయెన్ వచ్చి 2014 నుంచి 2016 దాకా హోసె మరియా లోపెజ్‌తో వరసగా మూడు టైటిళ్లు పట్టుకుని ర్యాలీ రేసుల వైపు వెళ్లిపోయింది. జర్మనీవాళ్ల టూరింగ్ కార్ల పోటీ డీటీఎంలో ఆడి 2020 ఏప్రిల్‌లో తప్పుకుంటున్నట్టు ప్రకటించి, ఆ ఏడు టైటిల్ కూడా గెలిచి మరీ వెళ్లింది. మెర్సిడెస్ 2018తో డీటీఎం వదిలి ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈకి వెళ్లింది, అక్కడా వరసగా రెండు సీజన్లు గెలిచి 2022లో దానికీ దండం పెట్టేసింది. (ఆ ఫార్ములా ఈ మన హైదరాబాద్‌కి 2023లో వచ్చింది, మరుసటి ఏడాది రేసు రద్దయింది. అప్పుడు కూడా నాకు ఇలాంటి మెసేజ్‌లే వచ్చాయి.)

అసలు సంగతేంటంటే, కార్ల కంపెనీకి రేసు ఖర్చు చాలావరకు ప్రచారం ఖర్చే. ఏ కారు అమ్మాలనుకుంటే డబ్బు అటు పోతుంది. పిట్‌లో (రేసు పక్కన కారు బాగుచేసే చోట) ఇంజినీర్ ఎంత బాగా పనిచేశాడన్నదానికీ ఆ నిర్ణయానికీ సంబంధం తక్కువ. 2025లో అమెరికా సుంకాలు 50 శాతం చేసినప్పుడు రొయ్యల రేటు గురించి ఎంత గగ్గోలు పుట్టిందో మీకు నేను చెప్పక్కర్లేదు, మరి చెరువు పూడ్చేసి కొబ్బరి మొక్కలు పెట్టేశారా?

ఇంకో ముక్క మీరు చదివినదాంట్లో ఉండి ఉండదు. షెవ్రోలె కార్లను రేసుకి తయారుచేసి నడిపించింది ఆర్ఎంఎల్ అనే ఇంగ్లండ్ సంస్థ. కంపెనీ తప్పుకున్నా వాళ్లు 2013లో అవే క్రూజ్‌లను సొంతంగా దింపారు, ముల్లర్ మళ్లీ ఛాంపియన్ అయ్యాడు. 2014లో రూల్స్ మారితే కొత్త క్రూజ్‌లు కట్టి ప్రైవేటు టీములకు ఇచ్చారు. పేరున్న కంపెనీ పోయినా పానా పట్టినవాళ్లకు పని దొరికింది. అన్నిచోట్లా అందరికీ ఇలాగే కుదురుతుందని నేననను.

కాబట్టి కంపెనీ తప్పుకోవడం చూసి భయపడకండి. నాకు భయం ఆ ఎంఎస్ మీద.

ఈమధ్య రీల్స్ చూసి ఈ కోర్సు అడిగే పిల్లలు బాగా పెరిగారు. కోర్సులు దొంగవి కావు, క్రాన్‌ఫీల్డ్, ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్ లాంటివి పేరున్నవే. కానీ చదువు ఒక్క ఏడాది. అన్నీ కలిపితే నలభై లక్షలకు అటూ ఇటూ అవుతుంది. తర్వాత ఉద్యోగం వెతుక్కునే వీసా ఇప్పటిదాకా రెండేళ్లు, 2027 జనవరి నుంచి అప్లై చేసేవాళ్లకు 18 నెలలే. ఈలోపు ఎవరో ఒకరు స్పాన్సర్ చెయ్యాలి. ఎవరు చేస్తారు? ఇప్పుడు టూరింగ్ కార్లలో ఎక్కువగా నడిచేది టీసీఆర్ పద్ధతి, అంటే కంపెనీ కారు తయారుచేసి అమ్ముతుంది, కొనుక్కుని రేసులో దింపేది ప్రైవేటు టీమ్. డీటీఎం కూడా 2021 నుంచి జీటీ3 కార్లకు (కంపెనీలు టీములకు అమ్మే స్పోర్ట్స్ రేసు కార్లు) మారి అదే దారి పట్టింది. ఇవి చిన్న టీములు, చాలా పనులు సీజన్ కాంట్రాక్టులు. పాలకొల్లు నుంచి వచ్చిన అనుభవం లేని కుర్రాడికి వాళ్లు వీసా కాగితాలు చేసిపెడతారా అంటే, ఎక్కడో ఒకరికి జరగొచ్చు గానీ రెండెకరాలు పెట్టి ఆడే పందెం కాదది. కన్సల్టెన్సీవాళ్లు ఈ లెక్క చెప్పరు, వాళ్లకి అడ్మిషన్ అయితే చాలు.

ఇక మీ సంగతి. కోపం తెచ్చుకోకండి. ఇంత పెద్ద మెసేజ్‌లో తోడల్లుడి కొడుకు హైదరాబాద్‌లో ఎంత తెచ్చుకుంటున్నాడో రాశారు, పొలం రేటు రాశారు, ఇంటర్ మార్కులు రాశారు. మీవాడి గురించి ఉన్నది ఒక్క లైను, అదీ ఫిర్యాదు: "రాత్రిళ్లు చెరువు గట్టు మీద ఏరేటర్ గేర్‌బాక్స్ విప్పుకుని కూర్చుంటాడు, పుస్తకం ముట్టడు." బాగుచేశాడా లేదా? అది రాయలేదేంటండీ? ఆయిల్ తెల్లబడితే సీల్ పోయి నీళ్లు దిగాయని చూసి చెప్పగలడా, బేరింగ్ చప్పుడు విని మోటారు ఆపేస్తాడా, రొయ్యకి గాలి అందే టైముకి మళ్లీ తిప్పగలిగాడా? రేసు టీమ్ కుర్రాణ్ణి తీసుకునేటప్పుడు చూసేది ఇలాంటివే. మీరేమో అదో జబ్బన్నట్టు రాశారు.

డేటా సైన్స్‌తో పోలిక అన్నారు. రెండు ముక్కల్లో చెబుతాను, ఇంతకంటే అక్కర్లేదు. అక్కడ ఉద్యోగాలు ఎక్కువ, పోటీ అంతకంటే ఎక్కువ, మనసు లేనివాడు మొదటి ఇంటర్వ్యూలోనే తెలిసిపోతాడు. పైగా ఇవాళ రేసు కారు నిండా సెన్సర్లే, ఆ డేటా చదివి ఎక్కడ టైమ్ పోతోందో చెప్పే ఇంజినీర్ లేని టీమ్ ఉండదు. కాబట్టి డేటా లెక్కలకి వాడే పైథాన్, మాట్‌ల్యాబ్ ఎలాగూ నేర్చుకోమనండి, ఏ దారైనా పనికొస్తాయి.

ఇప్పటికి తాకట్టు మాట ఎత్తకండి. కోర్సులో మిగిలిన రోజుల్లో కాలేజీ టీమ్‌లో చేరి, ఇంజినీరింగ్ పిల్లలు సొంతంగా బండి కట్టి దింపే పోటీలు, అంటే బాహా ఎస్ఏఈ ఇండియాకో, కోయంబత్తూరు కరి ట్రాక్‌లో జరిగే ఫార్ములా భారత్‌కో ఒక బండి కట్టాలి. టీమ్ లేకపోతే నలుగురిని పోగేసి మొదలుపెట్టమనండి. దానికి యాభై వేలు అడిగితే మాత్రం నసగకుండా ఇవ్వండి, నలభై లక్షలకు సిద్ధపడ్డవారు కదా. తర్వాత చెన్నై వైపు, శ్రీపెరుంబుదూరు, ఒరగడంలో ఏదో ఒక కార్ల కంపెనీలోనో విడిభాగాల ఫ్యాక్టరీలోనో రెండేళ్లు ఉద్యోగం. భీమవరంలో సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి చెన్నై, కొడుకు దేశాలు పట్టిపోయాడని వాళ్లమ్మ బెంగపెట్టుకోనక్కర్లేదు. ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ అక్కడే ఉంది, సెలవు రోజుల్లో మార్షల్‌గానో (ట్రాక్ పక్కన జెండాలు ఊపి భద్రత చూసేవాడు), ఏ చిన్న టీమ్‌లోనో చేతి సాయంగానో తిరిగితే అసలు పనెలా ఉంటుందో వాడికే అర్థమవుతుంది. అక్కడ ఎండలో టైర్లు మోశాక మోజు దిగిపోయేవాళ్లూ ఉంటారు, అదీ మంచిదే, ఖర్చు లేకుండా తెలిసినట్టు.

మోజు దిగకపోతే అప్పుడు విదేశం. జర్మనీ కూడా చూడమనండి. చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు ఉండదు, ఉన్నా యూకే అంత కాదు. వీసా కోసం ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలనెలా కొంతే తీసుకోనిచ్చే ఖాతా) చూపించాలి, ఇది ఇప్పటి లెక్క, వెళ్లే ముందు మళ్లీ సరిచూసుకోండి. జర్మన్ మాత్రం ఇప్పుడే మొదలెట్టాలి, వర్క్‌షాపులో ఇంగ్లిష్‌తో నెట్టుకురావడం కష్టం.

ఈసారి మెసేజ్ మీరు పెట్టకండి, వాడి చేత పెట్టించండి. కాలేజీ టీమ్‌లో ఏ భాగం తను డిజైన్ చేశాడు, ఏది విరిగింది, ఎందుకు విరిగింది, ఈ మూడూ రాయమనండి. మీరు పక్కన కూర్చుని చెప్పొద్దు.