మొలలే అనుకుని ఊరుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 46. కొన్ని నెలలుగా మలంలో అప్పుడప్పుడు రక్తం పడుతోంది. మొలలేనని మందులు వాడుతున్నాను. ఈమధ్య నీరసంగా ఉంటే పరీక్ష చేయించాను, హిమోగ్లోబిన్ 9 ఉంది. మా నాన్నగారికి 58వ ఏట పెద్దపేగు క్యాన్సర్ వచ్చింది. నాకూ అదేనేమోనని టెన్షన్‌గా ఉంది. ఎవరిని కలవాలి? - ఓ పాఠకుడు

జవాబు: మీకు మొలలు ఉండొచ్చు. అయితే పేగు లోపల చూడకుండా రక్తానికి అవే కారణమని చెప్పలేం. మొలలున్న వాళ్లకు క్యాన్సర్ రాకూడదనేమీ లేదు కదా! రక్తం పడటం కన్నా మీ హిమోగ్లోబిన్ తగ్గటమే నాకు ఎక్కువ అనుమానం కలిగిస్తోంది. పెద్దపేగు కుడివైపు గడ్డ ఉంటే కంటికి కనిపించకుండా కొద్దికొద్దిగా రక్తం పోతుంటుంది. కొందరిలో నీరసమే తొలి లక్షణం. ఐరన్ మాత్రలతో రక్తం పెరగొచ్చు గానీ, అది ఎక్కడ పోతోందో తేలదు.

ముందు గ్యాస్ట్రోఎంటరాలజిస్టును (జీర్ణకోశ వైద్యుణ్ని) కలిసి కొలనోస్కోపీ (మలద్వారం గుండా కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయించుకోండి. సాధారణంగా మత్తు ఇచ్చి చేస్తారు కాబట్టి భయపడక్కర్లేదు. నిజానికి పరీక్ష కన్నా, ముందురోజు పేగు శుభ్రపడటానికి తాగే మందే విసుగనిపిస్తుంది. ఈ క్యాన్సర్లు ఎక్కువగా పాలిప్స్ అనే చిన్న బుడిపెల నుంచే పుడతాయి, అందుకు దాదాపు 10 ఏళ్లు పడుతుంది. బుడిపె దశలోనే కనిపిస్తే అప్పుడే తీసేస్తారు. నాన్నగారికి వచ్చింది కాబట్టి మీ తోబుట్టువులకు ఏ ఇబ్బందీ లేకపోయినా, 40 ఏళ్లకల్లా ఈ పరీక్ష అవసరం. సీఈఏ అనే క్యాన్సర్ సూచిక రక్తపరీక్ష నార్మల్ వచ్చిందని మాత్రం ఆగిపోవద్దు. తొలిదశలో అది మామూలుగానే ఉండొచ్చు.

ఒకవేళ బయాప్సీలో (చిన్న ముక్క తీసి చేసే పరీక్షలో) క్యాన్సర్ అని తేలితే, కంగారుగా ఆపరేషన్‌కు ఒప్పుకోకండి. గడ్డ ఎక్కడుందన్నదాన్ని బట్టి చికిత్స వరుస మారుతుంది. పెద్దపేగులో అయితే సాధారణంగా ముందు సర్జరీ. లింఫు గ్రంథులకు పాకితే ఆ తర్వాత కీమో. మలాశయంలో (పేగు చివరి భాగంలో) అయితే ఎంఆర్ఐ చూసి, చాలామందికి ముందు రేడియేషన్, కీమో ఇస్తారు. కొందరిలో గడ్డ పూర్తిగా కరిగి, సర్జరీ లేకుండా గమనిస్తూ ఉండే వీలూ ఉంటుంది. అందుకే సర్జన్, మెడికల్ ఆంకాలజిస్టు (మందులతో క్యాన్సర్‌కు చికిత్స చేసే డాక్టరు), రేడియేషన్ నిపుణుడు కలిసి నిర్ణయించే చోటికి వెళ్లండి. మలం కోసం పొట్ట మీద సంచి పెట్టాల్సి వచ్చినా, చాలాసార్లు అది తాత్కాలికమే. కాలేయానికి పాకినా అన్ని దారులూ మూసుకుపోయినట్టు కాదు. అక్కడ క్యాన్సర్ మచ్చలు కొన్నే ఉంటే వాటినీ తీయొచ్చు.

ఈలోగా పొట్ట ఉబ్బి వాంతులవుతూ గ్యాస్ కూడా పోకపోయినా, రక్తం ఎక్కువగా పడి కళ్లు తిరిగినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.