అన్నం తగ్గించే ముందు గోళీల సంగతి చూడు

బిడ్డా,

అల్లుడికి షుగర్ అని తేలగానే నువ్వు ఇంటిల్లిపాదికీ అన్నం, రొట్టె బాగా తగ్గించే ‘లో-కార్బ్’ తిండి మొదలుపెడతానంటున్నావని మీ అమ్మ చెప్పింది. దేవరకొండలో అత్తమామలకు, పిల్లలకు వండుతూ ఇదొకటి నెత్తికెత్తుకున్నావంటే నీ పట్టుదల గొప్పదే. కానీ వినగానే నా గుండె దడదడలాడింది. ఎందుకో రాస్తా, ఓపిగ్గా చదువు.

చక్కెర, బెల్లం, మైదా, కూల్‌డ్రింకులు మానాలని నీకు నేను చెప్పక్కర్లేదు.

ముందు అల్లుడి గోళీల చీటీ తీసి చూడు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే అంత టెన్షన్ లేదు. గ్లిమిపిరైడ్ ఉంటే మాత్రం ఆగు. మనిషి తిన్నా తినకపోయినా అది లోపల ఇన్సులిన్‌ను ఊరిస్తూనే ఉంటుంది, అన్నం తగ్గితే షుగర్ మరీ కిందికి పడిపోతుంది. ఈ ముక్క మీ పెద్దనాయనకు తెలియదు. ఎవరో చెప్పారని అన్నం, రొట్టె ఒక్కసారిగా బంద్ చేశాడు. గోళీ మాత్రం ఎప్పటిలాగే. ఒకరోజు పొద్దున్నే రెండు గుడ్లు తిని వడ్లు తీసుకుని మిర్యాలగూడ మిల్లుకు పోయాడు. ట్రాక్టర్ల లైను కదలదు, నెత్తిన ఎండ. పదకొండు దాటేసరికి ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు, మాట తడబాటు. చుట్టూ ఉన్నవాళ్లు తాగి వచ్చాడనుకున్నారు. జన్మలో కల్లు ముట్టని మనిషిని, మత్తు దిగుతుందిలే అని నీడకు జరిపి పడుకోబెట్టారు! మన పక్క చెలక అతను అటు రాబట్టి సరిపోయింది. వాళ్లమ్మకు షుగర్, అందుకని గుర్తుపట్టి చాయ్ హోటల్ నుంచి చక్కెర నీళ్లు తెచ్చి తాగించాడు. ఇంకాస్త ఆలస్యమైతే మింగే తెలివి కూడా ఉండేది కాదు. రాత్రి ఇంటికొచ్చాక, అంగీకి ఆ మట్టేమిటని నేను నిలదీస్తే గానీ ఆ మహానుభావుడు నోరు విప్పలేదు. తర్వాత డాక్టర్ గోళీ తగ్గించాడు. ముందే అడిగి ఉంటే పోయేదేముంది?

షుగర్ 70 కంటే దిగితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించు, పావుగంట ఆగి మళ్లీ చూడు. తెలివి తప్పితే నోట్లో చుక్క కూడా పోయకు, 108కి ఫోన్ చెయ్యి. మూత్రంలో చక్కెరను పంపించే రకం గోళీ ఉన్నా, ఇన్సులిన్ ఉన్నా డాక్టర్‌ను అడగకుండా అన్నం తగ్గించొద్దు.

ఇక వంట. జొన్నరొట్టె ఎంతైనా తినొచ్చని మనవాళ్లంతా అనుకుంటారు. జొన్న మంచిదే, కానీ 100 గ్రాముల పిండిలో దాదాపు 70 గ్రాములు పిండిపదార్థమే. సాగర్ ఎడమ కాలువ రాకముందు మా ఇళ్లల్లో వరి అన్నం పండక్కే, మిగతా రోజుల్లో జొన్న గట్కే. అది తిని పొద్దంతా నాగలి పట్టేవాళ్లు. అల్లుడు పట్టేది కంప్యూటర్ మౌస్. ఒక్క రొట్టె చాలు.

రెండు వంటలు వండకు, నెల తిరక్కుండానే విసుగొస్తుంది. కూర ఒకటే, అన్నం ఎవరి ఇష్టం వాళ్లది. అయితే మన కూరలు అన్నంలో కలుపుకోవడానికి చేసినవి కాబట్టి ఉప్పు, కారం దండిగా పడతాయి. అన్నం తీసేసి అదే కూర గిన్నెడు తింటే కడుపు మంట, పైగా బీపీ. కారం సగం తగ్గించి, పులుసు పెట్టకుండా దగ్గరికి వండు. బీరకాయ, సొరకాయ, తోటకూర, గోంగూరలో గుడ్డు, కోడికూర. ఘాటు కావాలన్నవాళ్లు తొక్కు నంజుకుంటారు.

పిల్లల అన్నం జోలికి పోకు, ఎదిగే ఒళ్లు. మీ అత్తమ్మ కంచంలో పెరుగన్నం కూడా తియ్యకు. ఈ వయసులో ఆమె నీ కోసం మారదు, మాటా మాటా పెరుగుతుంది. సద్దుల బతుకమ్మ నాడు అల్లుడు రెండు ముద్దలు పులిహోర తింటే చూసీ చూడనట్టు ఊరుకో, నలుగురిలో కసరకు.

సోమవారం ఆస్పత్రికి పోతున్నారట కదా. ఏ గోళీ ఎంత తగ్గించమన్నారో చీటీ ఫొటో తీసి నాకు పంపు. అది చూసేదాకా బియ్యం డబ్బా అటకెక్కించకు.

మీ పెద్దమ్మ