స్నేహితుల ఒత్తిడి: ధైర్యం కన్నా ముందు ఒక తోడు చూడండి

మీ అబ్బాయి రోజూ ప్రార్థన చేసుకుంటాడని, ఉపవాసాలు ఉంటాడని, అందుకు స్నేహితులు ఎగతాళి చేస్తూ తాగమని బలవంతపెడుతున్నారని రాశారు. వాడికి ధైర్యం ఎలా చెప్పాలని అడిగారు.

పన్నెండేళ్లుగా మా ప్రార్థన మందిరంలో కుర్రాళ్ల బృందాన్ని చూసుకుంటున్నాను. మొదట్లో నేనూ ధైర్యమే చెప్పేవాణ్ణి. "నీ నమ్మకం గట్టిదైతే ఎవరేమన్నా పట్టదు" అనేవాణ్ణి. ఆ మాట విన్న ఒక కుర్రాడు రెండు నెలలు కనిపించలేదు. ఒకరోజు వచ్చి వెనక వరసలో కూర్చుని, ఫోన్‌ని చేతిలో అటూ ఇటూ తిప్పుతూ, "అన్నా, నేను వద్దంటే వాళ్లు తిట్టరు. కాసేపు ఎవరూ నాతో మాట్లాడరు. ఆ కాసేపే నావల్ల కావట్లేదు" అన్నాడు. లొంగిపోయాడు కాబట్టి తనది నమ్మకమే కాదనుకుని, మా ముఖం చూడ్డానికి సిగ్గుపడ్డాడు. అలా అనుకునేలా చేసింది నా మాటే. అది తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

1950లలో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త గీతల పొడవు పోల్చే చిన్న పరీక్ష పెట్టాడు. గదిలో మిగతావాళ్లంతా ముందే కూడబలుక్కుని తప్పు జవాబు చెప్పినప్పుడు, ఆ సంగతి తెలియకుండా పరీక్షకి వచ్చిన అసలు మనిషి కూడా దాదాపు మూడో వంతు సార్లు ఆ తప్పే చెప్పాడు. మధ్యలో ఒక్కరు సరైన జవాబు చెబితే చాలు, ఆ లొంగుబాటు బాగా తగ్గిపోయింది.

మీ అబ్బాయికి ఆ ఒక్కరు ఎవరో వెతకండి. మీ మతం వాడే కానక్కర్లేదు. మా కుర్రాడికి దొరికినవాడికి దేవుడి మీద నమ్మకమే లేదు, కాకపోతే తాగడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చునేవాళ్లు, అంతే.

ఇంకోటి, వద్దని చెప్పే మాటని ఇంట్లో ప్రాక్టీస్ చేయించండి. "నేను తాగన్రా, మీరు కానివ్వండి" చాలు. కారణాలు చెప్పబోతే వాదన మొదలవుతుంది. మీరే స్నేహితుడిలా బతిమాలండి. మేం చేయించినప్పుడు మొదట నవ్వేశాడు, నాలుగోసారికి గొంతు నిలబడింది.

స్నేహితులందర్నీ మానెయ్యమని మాత్రం అనకండి. ఇబ్బందైతే ఏ వేళకైనా ఫోన్ చెయ్యమనండి. చేసిన రాత్రి వెళ్లి తీసుకురండి, దారిలో ఒక్క ప్రశ్న కూడా వేయకండి.