అజురిన్ ఏ పొర దగ్గర ఆగింది?

ప్రశ్న: సూడోమోనాస్ ఎరుజినోసా అనే బ్యాక్టీరియా నుంచి, కాపర్‌ను పట్టుకునే ప్రొటీన్ అజురిన్ జన్యువును తీసి, పెట్-22బి ప్లాస్మిడ్‌లో (జన్యువును మోసే చిన్న డీఎన్‌ఏ వలయంలో) చేర్చి, ఇ.కోలై బీఎల్21(డీఈ3)లోకి పంపాం. ముందు ప్రొటీన్‌ను పొర దాటించే పెల్‌బి సిగ్నల్, చివర నికెల్‌కు అతుక్కునే ఆరు హిస్టిడిన్‌ల ట్యాగ్ ఉన్నాయి. క్యాన్సర్ కణాల మీద పరీక్షించాలని మా ఉద్దేశం. కానీ కల్చర్ ద్రవంలో ప్రొటీన్ జాడే లేదు. ఎక్కడికి పోయింది?
– ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ విద్యార్థిని

జవాబు: బహుశా మధ్యలో ఆగి ఉంటుంది. ఇ.కోలైకి రెండు పొరలు. పెల్‌బి సిగ్నల్ ప్రొటీన్‌ను లోపలి పొర మాత్రమే దాటిస్తుంది. ఆ తర్వాత సిగ్నల్ తెగిపోయి, ప్రొటీన్ రెండు పొరల నడుమ పెరిప్లాజమ్‌లో ఉండిపోతుంది. అజురిన్‌కు ఇది మేలే. 128 అమైనో ఆమ్లాల ఈ చిన్న ప్రొటీన్‌లో 3, 26 స్థానాల సిస్టీన్‌ల మధ్య డైసల్ఫైడ్ బంధం ఏర్పడాలి. సైటోప్లాజమ్‌లో అది ఏర్పడడం కష్టం, పెరిప్లాజమ్‌లో సులువు. సూడోమోనాస్‌లో కూడా అజురిన్ ఉండేది పెరిప్లాజమ్‌లోనే.

ముందు జన్యువు రెండు కొసలూ చూడండి. అజురిన్‌కు 20 అమైనో ఆమ్లాల సొంత సిగ్నల్ ఉంటుంది. మీ ప్రైమర్ దాన్ని వదిలేయకపోతే ఒకదాని వెనక ఒకటి రెండు సిగ్నళ్లు పడతాయి. చివర స్టాప్ కోడాన్‌ను తీసేశారా? అది మిగిలితే ప్రొటీన్ తయారవుతుంది కానీ ట్యాగ్ రాదు. ట్యాగ్‌ను సిగ్నల్‌కు ముందు పెట్టే ఆలోచన మాత్రం వద్దు, సిగ్నల్‌తో పాటే తెగిపోతుంది.

ఇక పెంపకం. ఓడీ (కల్చర్ చిక్కదనం కొలత) 0.6 దగ్గరికి రాగానే ఉష్ణోగ్రత 25 డిగ్రీలకు దించి, జన్యువును పని చేయించే ఐపీటీజీ 0.1 మిల్లీమోలార్ వేస్తే చాలు. 1 మిల్లీమోలార్ వేసి 37 డిగ్రీల్లో ఉంచితే ప్రొటీన్ తయారయ్యే వేగాన్ని పొర దాటించే యంత్రాంగం అందుకోలేదు. అప్పుడు సిగ్నల్ తెగని ప్రొటీన్ లోపలే పేరుకుని గడ్డకడుతుంది. జెల్ మీద దీన్ని గుర్తుపట్టడం తేలిక: 14 కిలోడాల్టన్ల పైన కనిపించే అజురిన్ పట్టీకి మరో 2 కిలోడాల్టన్ల ఎత్తున ఇంకో పట్టీ ఉంటే అది సిగ్నల్ తెగనిదే. ప్లాస్మిడ్ ఉన్న కణాలనే మిగిల్చే యాంటీబయోటిక్ ఆంపిసిలిన్ విషయంలోనూ జాగ్రత్త. రాత్రంతా పెరిగి చిక్కబడ్డ కల్చర్‌లో ప్లాస్మిడ్ తయారుచేయించే ఎంజైమ్ బీటా-లాక్టమేజ్ ఆంపిసిలిన్‌ను తినేసి ఉంటుంది, ప్లాస్మిడ్ పోగొట్టుకున్న కణాలు పెరిగిపోతాయి. కొత్త మీడియాలో (పెంపక ద్రవంలో) తాజాగా మి.లీ.కు 100 మైక్రోగ్రాములు వేయండి, కుదిరితే అంత తేలిగ్గా విరగని కార్బెనిసిలిన్ వాడండి.

ఇప్పుడు పెరిప్లాజమ్‌ను తెరవాలి. 100 మి.లీ. కల్చర్ కణాలను 20 శాతం సుక్రోజ్ ఉన్న 30 మిల్లీమోలార్ ట్రిస్ (పీహెచ్ 8) 30 మి.లీ.లో కలిపి, ఈడీటీఏ 1 మిల్లీమోలార్ అయ్యేలా చేర్చి, గది ఉష్ణోగ్రతలో 10 నిమిషాలు నెమ్మదిగా కదపండి. 4 డిగ్రీల్లో 10,000 జి వద్ద 10 నిమిషాలు తిప్పి, పై ద్రవాన్ని చుక్క లేకుండా వంపేయండి. సుక్రోజ్ మిగిలితే తర్వాతి షాక్ బలహీనపడుతుంది. కణాలను వెంటనే మంచుచల్లని 5 మిల్లీమోలార్ మెగ్నీషియం సల్ఫేట్ 30 మి.లీ.లో విడదీసి, 10 నిమిషాలు మంచులో ఉంచి మళ్లీ తిప్పండి. పై ద్రవమే పెరిప్లాజమ్ సారం. కల్చర్ ద్రవం, సుక్రోజ్ ద్రవం, ఈ సారం, మిగిలిన కణాలు – నాలుగింటినీ ఒకే జెల్ మీద పక్కపక్కన నడిపితే ప్రొటీన్ ఎక్కడుందో సందేహం ఉండదు. ఈ సారంలో, సైటోప్లాజమ్‌లో ఉండాల్సిన ఎంజైమ్ బీటా-గెలాక్టోసిడేజ్ ఎక్కువగా తేలితే కణాలు పగిలాయని అర్థం, స్రవించడాన్ని గురించి ఏమీ చెప్పలేం.

ప్రశ్న: ప్రొటీన్‌ను నేరుగా మీడియాలోకే రప్పించే దారి లేదా?

జవాబు: ఉంది, ఖర్చూ ఉంది. మీడియాలో 0.5–1 శాతం గ్లైసిన్ వేస్తే కణగోడ బలహీనపడి పెరిప్లాజమ్‌లోది కారుతుంది, పెరుగుదల మందగిస్తుంది. హెచ్‌ఎల్‌వైఏ అనే స్రావక వ్యవస్థ రెండు పొరల్నీ ఒకేసారి దాటిస్తుంది కానీ దాని సిగ్నల్ ప్రొటీన్ చివర ఉండాలి, తెగదు, పైగా ఇంకొన్ని జన్యువులు కావాలి. మీరడిగిన పనికి పెరిప్లాజమ్ చాలు.

ప్రశ్న: పెరిప్లాజమ్ సారాన్ని నికెల్ కాలమ్ మీద పోస్తే నీలం రంగు రెజిన్ తెల్లబడింది, ప్రొటీన్ కూడా పట్టుకోలేదు. ట్యాగ్ లేదనుకోవాలా?

జవాబు: తెల్లబడడమే కారణం చెబుతోంది. ఈడీటీఏ నికెల్‌ను లాగేసుకుంది. సారాన్ని 50 మిల్లీమోలార్ సోడియం ఫాస్ఫేట్, 300 మిల్లీమోలార్ ఉప్పు, పీహెచ్ 8 బఫర్‌లోకి డయాలిసిస్ చేసి, రెజిన్‌కు మళ్లీ నికెల్ ఎక్కించి అప్పుడు పోయండి. 20 మిల్లీమోలార్ ఇమిడజోల్‌తో కడిగి, 250 తో దించండి. ఇమిడజోల్‌ను డయాలిసిస్‌లో తీసేశాకే కాపర్ సల్ఫేట్ చేర్చాలి. లేదంటే కాపర్‌ను ఇమిడజోల్ పట్టేసుకుంటుంది.

సరిగా ముడుచుకున్న అజురిన్ కాపర్ అందగానే నీలంగా మారుతుంది, 628 నానోమీటర్ల దగ్గర శిఖరం వస్తుంది. 628, 280 దగ్గరి శోషణల నిష్పత్తి 0.5 దాటితే సంతోషించండి. ఎంత కాపర్ వేసినా రంగు తక్కువగా ఉంటే, ఇ.కోలైలోనే కొంత అజురిన్ జింక్‌ను పట్టుకుని ఉంటుంది. ఆ జింక్‌ను కాపర్ తేలిగ్గా తోసివేయలేదు, రంగూ రాదు.

ప్రశ్న: మా అజురిన్ వేస్తే ఎంసీఎఫ్-7 రొమ్ము క్యాన్సర్ కణాలు చచ్చిపోయాయి. ప్రయోగం ఫలించినట్టేనా?

జవాబు: ఇంకా కాదు. ఈ మాట గట్టిగా చెప్పాల్సి వస్తోంది, ఎందుకంటే ఈ దశలో తొందరపడితే మొత్తం పని వృథా. ఇ.కోలై బయటి పొరలోని ఎండోటాక్సిన్, మిగిలిపోయిన ఇమిడజోల్, ప్రొటీన్‌కు అంటని కాపర్ – ఇవి కూడా కణాలను దెబ్బతీయగలవు లేదా పరీక్ష ఫలితాన్ని మార్చగలవు. 0.22 మైక్రాన్ ఫిల్టర్ బ్యాక్టీరియాను ఆపుతుంది, ఎండోటాక్సిన్‌ను కాదు. ఆటోక్లేవ్ కూడా దాన్ని నాశనం చేయదు, గాజుసామాను 250 డిగ్రీల్లో అరగంట కాల్చాలి. ప్రొటీన్ కాలమ్ మీద ఉండగానే 4 డిగ్రీల్లో 0.1 శాతం ట్రైటాన్ ఎక్స్-114 బఫర్‌తో 50 కాలమ్ పరిమాణాలు కడగండి. తర్వాత ట్రైటాన్ లేని బఫర్‌తో మరో 20. ట్రైటాన్ మిగిలితే అదీ కణాలను చంపుతుంది. చివరగా మిగిలిన ఎండోటాక్సిన్‌ను ఎల్‌ఏఎల్ పరీక్షతో కొలవండి.

పోల్చి చూసే జతపరీక్షలు (కంట్రోల్స్) మూడు ఉండాలి. జన్యువు లేని ఖాళీ ప్లాస్మిడ్ ఉన్న ఇ.కోలైను ఇదే పద్ధతిలో పెంచి, శుద్ధిచేసి, అంతే పరిమాణం వేయాలి. చివరి డయాలిసిస్ బఫర్‌ను విడిగా వేయాలి. మూడోది పీ53 లేని సావోస్-2 కణాలు: అజురిన్ క్యాన్సర్‌ను అడ్డుకునే పీ53 ప్రొటీన్‌ను అంటిపెట్టుకుని దాన్ని నిలబెడుతుందన్నది దీని పనితీరుకు చెప్పే ప్రధాన వివరణ, ఎంసీఎఫ్-7లో పీ53 సహజంగానే ఉంటుంది. రెండు రకాల కణాలూ ఒకే తీరున చస్తే పీ53 దారి మీద నిర్ణయం చేయకండి, ముందు ఎండోటాక్సిన్ అంకె మళ్లీ చూడండి.

ట్యాగ్ తీయాలా అన్న అనుమానం ఉంటే, కణంలోకి చొరబడే భాగం 50 నుంచి 77 వరకున్న అమైనో ఆమ్లాలు. పీ28 పేరుతో మనుషుల మీద తొలిదశ పరీక్షల దాకా వెళ్లింది ఆ ముక్కే. మీ ట్యాగ్ 128 తర్వాత ఉంది కాబట్టి, ఈ దశలో దాన్ని కోయడానికి శ్రమపడక్కర్లేదు.